రంపపుకొండ ఎంత పెరిగింది

దుమ్మునెల, 2వ రోజు

నా కూతురు సొరంగం పెద్ద అయింది!

ఈ ఒక్క మాట రాసుకోవడానికే ఈ కొత్త పుస్తకం మొదలుపెట్టాను. కొండ కొలతలు రాసే మేకుల పుస్తకంలో రాద్దామంటే అది ఊరిది. అందులో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. నా పేరు పోలినాయుడు. వయసు డెబ్భై ఒకటి. చదివింది ఐదో తరగతి, అదీ మా తాతలు ఆకాశంలోంచి దిగిన ఓడ పొట్టలో పెట్టిన బడిలో. తప్పులుంటే ఉండనీ. ఇవాళ నన్ను ఎవరూ ఏమీ అనలేరు!

పొద్దున్నే పంచాయితీ కొమ్ము ఊదారు. సొరంగం పనివాళ్ళు ఇరవై ఒక్కమంది. వాళ్ళందరికీ మా వరాలు పెద్ద అని చెప్పారు. ముప్పై నాలుగేళ్ళ పిల్ల! ఇంతకుముందు పెద్దగా చేసినవాళ్ళంతా గడ్డాలు నెరిసినవాళ్ళే. నేను గాలితిత్తి తగిలించుకోవడం కూడా మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాను. "మా వరాలే! మా వరాలే!" అని అరుచుకుంటూ మూడో ఇంటిదాకా వెళ్ళేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇక్కడి గాలి నడవడానికి సరిపోతుంది గానీ గెంతడానికి సరిపోదు. నా భార్య అంకమ్మ తిత్తి పట్టుకుని వెనకాలే వచ్చి నా మూతికి అదిమిపెట్టింది.

"ఏటా గెంతులు? అది పెద్దయిన రోజునే నువ్వు సచ్చీవంటే, మొదటి గొయ్యి నీకే తవ్వాలి పాపం" అంది.

ఊరంతా వచ్చింది. ఎదురు కొండ కాపరి తవిటయ్యా వచ్చాడు. వచ్చి, నా భుజం తట్టి, "సంతోషం తమ్ముడూ. మన పిల్ల పెద్దదైపోనాది" అన్నాడు.

మన పిల్లట. ఎప్పటినుంచి?

రాయనా వద్దా అనుకున్నాను గానీ రాసేస్తున్నాను. ఆ "మన" అన్న మాట అప్పటినుంచి నా పళ్ళ సందున ఇరుక్కుని ఉంది.

దుమ్మునెల, 5వ రోజు

ఇవాళ మేకు చూసే రోజు.

మా ఊరు ఒక రాతి అరుగు మీద ఉంది. ఉత్తరాన రంపపుకొండ, పళ్ళు పళ్ళుగా, నిటారుగా, పిట్టకైనా వాలడానికి చోటివ్వని కొండ. దక్షిణాన దున్నకొండ, మూపురం ఎత్తి, తల దించుకుని ఉంటుంది. రెండింటి మొదట్లోనూ నేల చీలిన ఒకే నెర్ర నడుస్తుంది, కొడవలిలా మా అరుగు చుట్టూ వంగి. నెర్రకు ఇవతల అరుగు కదలదు. అవతల కొండ పెరుగుతుంది. ఏడాదికి జానెడు, అంటే పన్నెండు వేళ్ళ మందం. పూర్వం పైన ఆకాశంలో తిరిగే కన్ను ఒకటి ఉండేది, కొండల ఎత్తు అదే చూసి చెప్పేది. అది చచ్చిపోయి నలభై ఏళ్ళయింది. ఇప్పుడు రంపపుకొండకు నేను, దున్నకొండకు తవిటయ్య, మేమే ఆ కన్ను.

పని చిన్నదే. నెర్రకు ఇవతల ఒక ఇనుపమేకు, అవతల ఒక ఇనుపమేకు. ఇళ్ళు కట్టే మేస్త్రీలు మట్టం చూసే నీటిగొట్టం ఉంటుందే, అదే. ఒక కొస నా దగ్గర, ఒక కొస అంకమ్మ దగ్గర. గొట్టంలో నీళ్ళు రెండువైపులా ఒకే మట్టానికి నిలబడతాయి. ఆ మట్టం మీద అవతలి మేకు ఎంత లేచిందో వేళ్ళు పెట్టి చూస్తాం. అంకమ్మ కేకేస్తుంది, నేను రాస్తాను. దానికి చదువు రాదు.

"ఉన్నకాడే ఉంది" అని కేకేసింది ఇవాళ.

"సరిగ్గా చూడు!"

"సూసినాను. నీ కొండా నీలాగే. కూకున్న సోటు కదల్దు."

నేను పుస్తకం తెరిచి "పెరుగుదల: మూడు వేళ్ళు" అని రాశాను.

ఇది నా సొంత పుస్తకం కాబట్టి నిజం రాసుకుంటాను. నా కొండ పెరగడం మానేసి మూడేళ్ళయింది. ముప్పై ఆరుసార్లు గొట్టం పట్టాం, ముప్పై ఆరుసార్లు ఉన్నచోటే ఉంది.

ఎందుకు అబద్ధం రాశానంటే, మా ఊళ్ళో ఏడాదంతా ఎక్కువ పెరిగిన కొండను ఆ ఏటికి అన్నకొండ అంటారు. పెరిగే కొండ మనల్ని ఒప్పుకున్న కొండ అని ఓడ దిగిన తాతల నమ్మకం. అన్నకొండ కాపరి ఏడాది పాటు అన్న. రెండో కొండ కాపరి వయసెంతయినా వాణ్ణి అన్నా అని పిలవాలి, తమ్ముడూ అనిపించుకోవాలి. పిల్లల వరసలూ దాన్నిబట్టే. తవిటయ్య నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, నా కూతురికి చిన్నాన్న కావలసినవాడు. రెండేళ్ళుగా పెదనాన్న!

నా కొండ ఆగిన మొదటి ఏడు, సున్న అని రాయడానికి చెయ్యి రాలేదు. సున్న పెరిగిన కొండ మా ఊరి చరిత్రలోనే లేదు. కొంచెం తగ్గించి పది వేళ్ళు రాశాను. తవిటయ్య తన పుస్తకంలోంచి పదకొండు అని చదివాడు. రెండో ఏడు పన్నెండు రాశాను. పదమూడు చదివాడు. వాడి కొండ నిజంగా పెరుగుతోంది. నా కొండ కాగితం మీద కూడా ఓడిపోతోంది. ఇవాళ రాసిన మూడు వేళ్ళతో ఈ ఏటికి పద్నాలుగు. తవిటయ్య మేకు చూసే రోజు ఇరవైన. చూద్దాం.

దుమ్మునెల, 9వ రోజు

జల్లెడ తిరిగి ఇవ్వడానికి తవిటయ్య ఇంటికి వెళ్ళాను. కిటికీ గట్టు మీద అరచేతంత రాయి ఒకటి పెట్టి ఉంది. దాని మీద గీతలు, తడి ఇసక మీద నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పడే వంకర గీతల్లాంటివి. చాలా అందంగా ఉంది. అది ఎవరిచ్చారో అడక్కముందే నాకు తెలిసిపోయింది.

"మన వరాలే ఇచ్చినాది తమ్ముడూ. దున్నకొండ నెత్తిమీద దొరికిందట. ఇదేటో తెలుసా?"

"తెలుసు" అన్నాను. తెలీదు.

"సముద్రం!" అన్నాడు, ఆ సముద్రం తానే తవ్వించినట్టు. "కోట్ల ఏళ్ళ కిందట ఈ కొండలన్నీ సముద్రం అడుగునుండేవట. ఇది అల గీసిన గీత. ఇసక రాయైపోనాది. తర్వాత భూమిలో రెండు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, దుప్పటి మడతపడినట్టు మడతపడి, ఆ అడుగు కాస్తా ఇంతెత్తుకి లేచిపోనాదట. అబ్బ, ఎంత బాగా సెప్తాదో ఆ పిల్ల! నాను మజ్జిగిస్తే కింద కూకొని రెండు గంటలు సెప్పింది."

రెండు గంటలు! మా ఇంట్లో కూర్చుని రెండు గంటలు మాట్లాడి ఎన్నాళ్ళయింది? నా రక్తం పంచుకు పుట్టిన పిల్ల చెప్పిన సంగతి నేను తవిటయ్య నోటివెంట వినాల్సి వచ్చింది.

సాయంత్రం అడిగేశాను. "ఆ రాయి నాకెందుకు చూపించలేదే?"

వరాలు బూట్లలోని కంకర దులుపుకుంటోంది. "నీకు రాళ్ళంటే ఇష్టం లేదు కదా నాన్నా. ఏ రాయి చూపించినా, అది సరేగానీ దున్నకొండ ఎన్ని వేళ్ళు పెరిగింది, అని అడుగుతావు" అంది.

అంకమ్మ పొయ్యి దగ్గర్నుంచి కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు.

దుమ్మునెల, 14వ రోజు

గెలిచాను! రంపపుకొండ గెలిచింది!

వరాలు ఇవాళ రెండు మేకుల పుస్తకాలూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకుంది. సంగతేమిటంటే, తూర్పున చరియ విరిగిపడి మంచునీళ్ళకు అడ్డం కట్టింది. అక్కడ మడుగు పెరిగి పెరిగి ఊరివైపు పాకుతోంది. కిందటేడు గొర్రెలదొడ్డి మునిగింది. వచ్చే ఏడు మా గడపలే. ఆ చరియను తవ్వుదామంటే తవ్వినకొద్దీ పైనుంచి రాళ్ళు జారుతాయి. కాబట్టి రెండు కొండల్లో ఒకదాన్ని తొలిచి నీళ్ళను అవతలి లోయలోకి వదలాలి. ఏ కొండను తొలవాలో సొరంగం పెద్ద నిర్ణయం.

ఎటు తొలిచినా నెర్రను దాటాలి. నెర్ర ఎక్కడ హుషారుగా కదులుతోందో అక్కడ దాటడం మేలు అంది. దున్నకొండ పుస్తకంలో ఇప్పటిదాకా పన్నెండు. నాది పద్నాలుగు.

"మూడు వేళ్ళా? ఒక్క నెలలో?" అని నా ముఖంలోకి చూసింది.

"కొండ మంచి ఊపు మీద ఉందమ్మా" అన్నాను.

"వీలుంటే నేనూ ఓ రెండు నెలలు గొట్టం పట్టుకుని చూసుకునేదాన్ని. మడుగు ఆగేలా లేదు." పుస్తకం మూసింది. "పోనీలే. నలభై ఏళ్ళు నువ్వు రాసిన అంకెలు. నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను?"

తవిటయ్య ముఖం చూడాలి! చల్లారిన అంబలిలా ఉంది. "రంపపుకొండేనా? మరోసారి సూడమ్మా" అన్నాడు. చూసేదేముంది అన్నా? చూశారు, అయిపోయింది!

సొరంగానికి "వరాలు దారి" అని పేరు పెడతారట. ఆ పేరు చెక్కిన పలక మా మేకుకు ఎదురుగా నిలబడుతుంది. రోజూ పొద్దున్నే చూసుకోవచ్చు.

దుమ్మునెల, 17వ రోజు

ఉడుమును దించారు. ఉడుమంటే సొరంగం తొలిచే యంత్రం. రాయిని కరుచుకుని పట్టు వదలదు కాబట్టి ఆ పేరు. రోజుకు నాలుగు బారల రాయి తింటుంది. అరుగు అంచునుంచి నెర్రదాకా ముప్పై ఆరు బారలు.

మధ్యాహ్నం వరాలు అన్నానికి ఇంటికొచ్చింది. తవిటయ్యకు చెప్పినట్టు నాకూ ఏదైనా చెప్పాలని నా ఆశ. "కదిలే నెర్రే ఎందుకే కావాలి? కదలని చోటయితే గట్టిగా ఉంటుంది కదా?" అని అడిగాను.

పిల్ల కళ్ళు మెరిశాయి! నేను రాళ్ళ గురించి అడిగానని ఎంత మురిసిపోయిందో! చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి పట్టుకుంది.

"ఇది అరుగు, ఇది కొండ. కింద పలకలు ఎప్పుడూ తోస్తూనే ఉంటాయి. తోపు ఆగదు. కొండ ఇలా నెమ్మదిగా జారుతూ పైకి లేస్తుంటే ఆ తోపు ఎప్పటికప్పుడు తీరిపోతుంది. పెరిగే కొండకి భయంలేదు నాన్నా." అరచేతులు గట్టిగా బిగించింది. మోచేతులు వణికాయి. "అదే ఇలా పట్టేసిందనుకో. పైకి ఏమీ కదలదు, ప్రశాంతంగా ఉంటుంది. లోపల మాత్రం తోపంతా పోగవుతుంటుంది. ఒక రోజు..."

చేతులు ఒక్కసారిగా జారాయి. ముందున్న మజ్జిగ గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుంది.

"ఓలమ్మ! సదువుకున్న పిల్లా, ఆ గోడ నాను నిన్ననే అలికినాను" అని అంకమ్మ అరిచింది. తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు.

నా నోట్లో ముద్ద అక్కడే ఉంది. "మూడేళ్ళు ఆగితే?"

"మూడేళ్ళ పెరుగుదల ఒక్క క్షణంలో. మూడు జానలు. ఊళ్ళో గోడలు నిలవవు. అలాంటి నెర్రలో ఉడుము కోరలు దిగాయనుకో, ఇక ఆ క్షణం కోసం చూడక్కర్లేదు. లోపలున్నవాళ్ళు లోపలే." నా కంచంలో కూర వడ్డిస్తూ, "నీ కొండ ఆగలేదు కదా, తిను" అంది.

దుమ్మునెల, 21వ రోజు

ఇంకా చెప్పలేదు.

ఉడుము పదహారు బారలు తినేసింది. ఇంకా ఇరవై. ఐదు రోజులు.

రోజూ పొద్దున్న వరాలు ఇనుపటోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే చెబుదామని గుమ్మందాకా వెళుతున్నాను. "జాగ్రత్తమ్మా" అని వెనక్కి వస్తున్నాను. మేకు దగ్గరికి వెళ్ళి చేతులతో తడిమాను. బతిమాలాను కూడా. ఒక్క వేలు, ఒక్క వేలు కదులు తల్లీ అన్నాను. అది కదలదు.

సిగ్గు ఒక్కటే అయితే మింగేసేవాణ్ణి. ఇక్కడ నిజం రాసుకుంటాను అన్నాను కాబట్టి రాస్తున్నాను. నేను చెబితే వరాలు ఉడుమును దున్నకొండకు తిప్పుతుంది. వాడి కొండ మంచిది, పెరుగుతోంది. నా కూతురి పేరు చెక్కిన పలక తవిటయ్య గుమ్మం ముందు నిలబడుతుంది. వాడి మజ్జిగ తాగుతూ, వాడికి రాళ్ళ కథలు చెబుతూ, వాణ్ణి పెదనాన్నా పెదనాన్నా అంటూ ఏడాదంతా అక్కడే ఉంటుంది. నేనేమో కొండ గురించి అబద్ధం రాసిన ముసలివాణ్ణి. ఈ ఆలోచన రాగానే నోరు కట్టేసినట్టవుతోంది. ఇరవై ఒక్కమంది ప్రాణాలు ఒకవైపు, తవిటయ్య నవ్వు ఒకవైపు పెట్టి తూచుకుంటున్నాను. నేను ఇలాంటివాణ్ణని నాకే తెలీదు.

నిన్న తవిటయ్య మేకు చూసే రోజు. ఎందుకో ఇంకా అంకె బయట పెట్టలేదు.

దుమ్మునెల, 24వ రోజు

చెప్పేశాను.

పొద్దున్న సొరంగం నోటి దగ్గరికి సద్ది పట్టుకెళ్ళాను. నెర్రకు ఇంకా ఎనిమిది బారలుంది. వరాలు బయటికి వచ్చి దోసిలి తెరిచి చూపించింది. తెల్లటి పిండి, మధ్య మధ్య అభ్రకం తళుకులు.

"నాన్నా, చూడు! పలుగురాయి. నెర్ర నలిపి పిండి చేసేసింది. దగ్గరికొచ్చేశాం!"

ముందు నాకే చూపించింది. తవిటయ్యకు కాదు, నాకు. ఆ పిండి పట్టుకుని ఎంత ఆనందంగా ఉందో! ఏడేళ్ళప్పుడు మొదటిసారి మంచు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది, సరిగ్గా అదే ముఖం. నేను చేతులు చాస్తే నా దోసిట్లో పోసి, మళ్ళీ లోపలికి వెళ్ళడానికి వెనక్కి తిరిగింది.

పిండి వదిలేసి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. "వరాలూ, కొండ పెరగలేదు."

"ఏ కొండ?"

"నాదే. మూడేళ్ళుగా ఒక్క వేలు పెరగలేదు. పదీ, పన్నెండూ, పద్నాలుగూ అన్నీ నేనే రాశాను. మీ అమ్మకు తెలీదు. అది చెప్పింది చెప్పినట్టు రాయలేదు."

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. నా చెయ్యి మెల్లగా తీసేసి, మెడలో వేలాడే కొమ్ము మూడుసార్లు ఊదింది. లోపలినుంచి ఒక్కొక్కరే వచ్చారు. లెక్కపెట్టింది. తను కాక మిగిలిన ఇరవైమందీ వచ్చాక అప్పుడు నావైపు తిరిగింది.

"మేకుల పుస్తకం ఇటివ్వండి" అంది.

ఇవ్వండి. నాతో.

మధ్యాహ్నం పంచాయితీ మెట్ల దగ్గర ఊరంతా చేరింది. వరాలు పొల్లు లేకుండా చెప్పింది. ఎవరూ నన్ను తిట్టలేదు, నావైపు చూడలేదు, అంతే. అంకమ్మ ఒక్కతే నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా నోటితో సెప్పిన మాట మార్చీసినావా? ముప్పై ఆరు నెల్లు సలిలో నిలబడి అరిసినాను గదయ్యా!" అని, వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చుంది.

"ఉడుమును రేపు దున్నకొండకు తిప్పుతాం" అంది వరాలు.

నేను తవిటయ్యను చూశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అంత తలవంపులోనూ నేను చూసింది వాడి ముఖమే. ఎంత పొంగిపోతున్నాడో అని. వాడు పొంగలేదు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు. "నాదీ అంతే."

"ఏది అంతే?"

"నా కొండా ఆగిపోనాది. మూడేళ్ళు. పోలినాయుడు కొండ పెరుగుతుంటే నాది ఆగిందంటే, ఊరికి ముఖం ఎలా సూపించాలని... నానే రాసీసినాను. ఈ ఏడు పదిహేను సేద్దామనుకున్నాను. నువ్వు నెర్ర గురించి సెప్పిన కాడ్నుంచి సెయ్యి ఆడలేదు."

వరాలు ఒకసారి నన్నూ, ఒకసారి వాణ్ణీ చూసింది. నేను నిజంగా పెరుగుతోందని కుళ్ళుకున్న కొండ పెరగనే లేదు. నా దొంగ అంకెలు చూసి వాడు, వాడి దొంగ అంకెలు చూసి నేను, మూడేళ్ళు ఒకరినొకరు తరుముకున్నాం. ఆ గందరగోళంలో నా బుర్రలో మొదట మెదిలిన మాట ఏమిటో తెలుసా? పదిహేను! అబద్ధంలో కూడా నాకంటే ఒక వేలు ఎక్కువే వేసుకున్నాడు.

దుమ్మునెల, 28వ రోజు

ఊరు ఖాళీ చేశాం. రెండు కొండలూ పట్టేశాయంటే నెర్ర మొత్తం బిగిసిపోయినట్టే, ఎప్పుడు తెగుతుందో తెలీదు అంది వరాలు. అందరం పడమటివైపు కంకరబయల్లో డేరాలు వేసుకున్నాం. మీద పడటానికి గోడ లేదు, దొర్లడానికి బండ లేదు. గొర్రెలు, చోళ్ళ బస్తాలు, అంకమ్మ తిరగలి, అన్నీ చేరాయి. సొరంగం పని ఆగింది. మడుగు ఇవాళ కింది వీధి మొదటి మెట్టు తాకింది.

వరాలు రోజూ రెండు కొండల మేకులూ చూస్తోంది. గొట్టం ఒక కొస నాకిస్తుంది, ఒక కొస తను పట్టుకుంటుంది. "పోలినాయుడుగారూ, మట్టం చూడండి" అంటుంది. "సున్న" అని కేకేస్తుంది. నేను సున్న రాస్తాను. నెర్ర మీద వేసిన పలక దాటి నా దగ్గరికి వచ్చి, పుస్తకం తీసుకుని, ఆ సున్న మీద వేలుపెట్టి చూసి, తిరిగి ఇస్తుంది. నాలుగు రోజులుగా ఇంతే. అన్నం అమ్మనే అడుగుతుంది. తవిటయ్యతోనూ ఇలాగే ఉందట. దున్నకొండ మేకు దగ్గర "తవిటయ్యగారూ" అంటోందట. వినగానే కాస్త ఊరట కలిగింది. నాకు బుద్ధి రాదు.

కరుగునెల, 6వ రోజు

నెర్ర తెగింది.

పొద్దు బారెడు ఎక్కాక, అంబలి తాగుతున్నాం. గొర్రెలన్నీ ఒక్కసారిగా మెడలెత్తాయి. ముందు ఒక మూలుగు, చెవికి కాదు, కాళ్ళకు వినిపించింది. ఆ తర్వాత కంకరబయలు గోనెపట్టాలా కదిలింది. అందరం బోర్లా పడ్డాం. పడి ఉండే చూశాను. రంపపుకొండ మొదట్లో, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, దుమ్ము గీతలా లేచింది. కొండ మొత్తం ఒక్క కుదుపు కుదిపి పైకి లేచింది. కొండ లేవడం కళ్ళారా చూశాను! నలభై ఏళ్ళు వేళ్ళతో కొలిచినదాన్ని కళ్ళతో చూశాను.

అంతా పది ఊపిరుల సేపు. దుమ్ము తగ్గాక వరాలు తలలు లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. ఊళ్ళో పందొమ్మిది ఇళ్ళ గోడలు కూలాయి. మా ఇంటి అలికిన గోడ కూడా. సొరంగం నోరు మూసుకుపోయింది. ఉడుము లోపలే చితికిపోయింది.

తూర్పున చరియ అడ్డుకట్ట విరిగి, మడుగు మనుషులెవరూ లేని కింది లోయలోకి రోజంతా హోరుమంటూ పోయింది. సాయంత్రానికి గొర్రెలదొడ్డి గోడలు పైకి తేలాయి. ఇక సొరంగం అక్కర్లేదు. వరాలు దారి ఇక ఉండదు.

వరాలు మూసుకుపోయిన సొరంగం నోటి ముందు నిలబడింది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"పోయిన నెల ఇరవై ఆరో రోజుకే నెర్రలోకి దిగుండేవాళ్ళం" అంది, నాతోనో, కొండతోనో.

కరుగునెల, 8వ రోజు

ఇవాళ కొలిచాం. ముందు దున్నకొండ. తవిటయ్య, వరాలు. మూడు జానల ఐదు వేళ్ళు. తవిటయ్య అక్కడే అంకె చదివాడు. నిజమైన అంకె చదువుతున్నానని వాడికి ఏడుపొచ్చింది. నాకు కడుపు మండింది.

తర్వాత రంపపుకొండ. నెర్ర దగ్గర ఇప్పుడు నడుమెత్తు గట్టు లేచింది. వరాలు నిచ్చెన వేసుకుని పైకెక్కి, గొట్టం కొస మేకుకు ఆనించింది. కింద నేను మట్టం పట్టాను. నీళ్ళు చాలాసేపు ఊగి ఊగి నిలిచాయి. నేను మనసులో ఆరు వేళ్ళు, ఆరు వేళ్ళు అనుకుంటున్నాను.

"మూడు జానల రెండు వేళ్ళు!" అని కేకేసింది.

రెండు! మూడు వేళ్ళ తేడా. అంత కొండ, అంత గర్జించి, నా కళ్ళముందు అంత గొప్పగా లేచి, మూడు వేళ్ళు తక్కువ. ఇక ఈ ఏడూ వాడే అన్న. పైనుంచి చూస్తే పుస్తకం కనిపించదు. రెండుకు బదులు ఆరు రాయడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాయను.

పెన్ను నొక్కిపెట్టి రాశాను. మూడు జానల రెండు వేళ్ళు. సిరా ఆరేదాకా చూశాను. తర్వాత పుస్తకం తెరిచి రెండు చేతులతో ముందుకు పట్టుకుని నిలబడ్డాను, వచ్చి వేలు పెట్టి చూసుకుంటుందని.

వరాలు నిచ్చెన దిగింది. గొట్టంలో నీళ్ళు వంపేసింది. గొట్టం చుట్ట చుట్టి భుజానికి తగిలించుకుంది.

"రాశావా నాన్నా?" అంది.

"రాశానమ్మా."

"సరే పద, ఆకలేస్తోంది" అని, నేను చాపి పట్టుకున్న పుస్తకం పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. అందులో ఏ అంకె ఉందో చూడలేదు.